కుక్కర్ కూత పెట్టాల్నా, వద్దా?

మీ ముచ్చట – అక్క జవాబు

ఈ సారి వచ్చిన ఉత్తరాలన్నీ చదివినంక మూడింటిని పక్కకు పెట్టుకున్న. ఒకరిది నల్లగొండ దిక్కు, ఇద్దరిది పాలమూరు దిక్కు, ఒకరికొకరు తెల్వది, కని మూడు ఇండ్లల్ల ఉన్న నొప్పి ఒక్కతీరుదే. మొదటి ఉత్తరం పొడుగున్నది, జవాబు గూడ పొడుగే అయింది, ఏమనుకోవద్దు.

"అక్కా, మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా ఆయన డీసీఎం వ్యాను నడుపుతుండె. పోయినేడాది దసరా ముంగట రాత్రిపూట బత్తాయి లోడుతోని హైదరాబాద్ పోతుంటే చిట్యాల దాటినంక ఆగి ఉన్న లారీకి గుద్దిండు. పక్క సీట్ల చిన్ననాటి సోపతిగాడు ఉండె, అక్కడికక్కడే పాణం పోయింది. మా ఆయనకు కాల్ల రాడ్ ఏసిండ్రు, ఆర్నెల్లకు నడక వచ్చింది. కాలు మంచిగైంది గని మనిషి మంచిగ కాలే. రాత్రి రెండు గంటలకు లేచి కూసుంటడు, ఒళ్ళంత చెమట. బత్తాయి వాసన పడది. మా చిన్నోడికి జరమొస్తే డాక్టర్ జ్యూస్ తాపమన్నడు, నేను పిండుతుంటే వచ్చి గ్లాసు గుంజుకొని వాకిట్ల విసిరేసిండు, మల్ల బావి కాడికి పోయి కూసొని ఏడ్చిండు. కుక్కర్ కూతేస్తే ఉలిక్కిపడతడు, లారీ బ్రేకు గాలి ఇడిసినట్టు ఉంటదట. అందుకని ఏడు నెలల సంది నేను కుక్కర్ పెడ్తలేను, గంజులనే వండుతున్న. పిల్లలను గట్టిగ మాట్లాడనియ్య. టీవీ సౌండు లేకుండ బొమ్మలు సూస్తరు. ఆయన హైవే ఎక్కడు, నల్లగొండ పోవాల్నన్నా ఊర్లమీదికెళ్లి సుట్టు తిరిగి పోతడు. సోపతిగాని ఇంటి దిక్కే సూడడు, వాళ్ళమ్మ మాత్రం మా ఆయన ఎట్లున్నడని అడుగుతనే ఉంటది. 'చిట్యాల కాడ చాయ్ తాగుదాం ఆపురా అన్నడు, నేనే చౌటుప్పల్ల తాగుదాం తియ్ అన్న' అని నాతోని ఒక్కసారి చెప్పిండు, మల్ల ఆ ముచ్చట ఎత్తలే. 'వాడు కాదు, నేను పోవాల్సింది' అంటడు అప్పుడప్పుడు. మా అత్త అమాసకు చెరువుగట్టు గుడికి తీస్కపోయింది, అంత్రం కట్టిచ్చింది. మా బావగారు 'మొగోనివయ్యి గిట్ల ఏడుస్తవా, కోటర్ తాగి పండుకో' అంటడు. నన్ను కసురుకుంటడు, రెండు గంటలైనంక వచ్చి నా కాళ్ళ కాడ కూసుంటడు. నేను ఒక్క మాట అనకుంట, ఒక్క సప్పుడు రాకుంట సూసుకుంటున్న, అయినా తగ్గుతలేదు, ఇంక ఎక్కువైతుంది. ప్రేమతోని తగ్గుతదా అక్కా ఇది? నేనేం తప్పు చేస్తున్న?"
– ఒక చెల్లె, నకిరేకల్ దిక్కు

చెల్లే, బత్తాయి గ్లాసు కాడికి వచ్చేసరికి నేను చదువుడు ఆపి కొద్దిసేపు ఊకనే కూసున్న. మన నల్లగొండల బత్తాయి లేని దిక్కేది, సీజన్ వస్తే రోడ్డుపొంటి కుప్పలు, అంగట్ల కుప్పలు, సుట్టాలింటికి పోయొస్తే సంచి నిండ అవే, గా వాసన నుంచి మనిషి ఎటు పారిపోతడు చెప్పు. ఆ రాత్రి లోడు పగిలి రోడ్డు మీద కాయలు నలిగినప్పటి వాసన ఆయన ముక్కుల అట్లనే ఉండిపోయింది. నీకు నాకు పాత ముచ్చట యాదికొస్తది, యాదికొచ్చి పోతది. ఆయనకు యాదికి రాదు, ఆయనే మల్ల ఆ సీట్లకు పోయి పడతడు. గ్లాసు విసిరేసింది నీ మీద కోపంతోని కాదు, పిల్లగాని మీద కోపంతోని అంతకన్న కాదు.

దీన్ని డాక్టర్లు పీటీఎస్డీ అంటరు, అంటే పెద్ద దెబ్బ తిన్నంక మనసును ఇడువని బుగులు. 1980ల అమెరికా మానసిక డాక్టర్ల పుస్తకంల ఈ పేరు ఎక్కింది, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల తిప్పలు చూసినంక. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంల దీన్నే 'షెల్ షాక్' అన్నరు. మన దిక్కు 'దడుసుకున్నడు' అంటరు, నాకైతే మన మాటే నయమనిపిస్తది, పిచ్చి అని ముద్రెయ్యకుంట ఏదో సూసి దడిసిండు అని సంగతి చెప్తది. యాక్సిడెంట్ అయిన కొత్తల నిద్ర పట్టకపోవుడు, ఉలికిపాటు ఎవలికైనా ఉంటది, చానమందికి దానంతటదే నిమ్మళమైతది. నెల దాటినా పోకుండ అదే కండ్లముందు తిరుగుడు, దాన్ని యాది చేసే ప్రతిదాని నుంచి తప్పిచ్చుకొని తిరుగుడు, మనసు మొద్దుబారి తప్పంత నాదే అనుకునుడు, ఒంట్ల బుగులు ఇరవైనాలుగు గంటలు మేలుకొని ఉండుడు, ఈ నాలుగు కలిస్తే అనుమానం వస్తది. నువ్వు రాసిన దాంట్ల నాలుగు ఉన్నయ్. ఖాయం చేసేది డాక్టరే, నేను కాదు.

ఇగ ప్రేమ ముచ్చట. ఇంట్లోళ్ళ వల్ల ఫరక్ పడతదా అంటే మస్తు పడతది. 2000 సంవత్సరంల లండన్ పరిశోధకులు పాత స్టడీలన్ని కలిపి, ఎవలికి ఈ బీమారి వస్తది ఎవలికి రాదు అని 14 కారణాలు తూకమేసి చూసిండ్రు, మనిషి పాత జీవితంల ఏమున్నది అనేదానికన్న, దెబ్బ ఎంత పెద్దది, దెబ్బ తిన్నంక పక్కన తోడున్నదా లేదా, పైనుంచి ఇంకో కష్టం వచ్చిపడ్డదా అనేవే ఎక్కువ బరువు తూగినయ్. అంతకు ఒక ఏడాది ముందు, 1999ల, ఇంగ్లండ్ల ఇంకో స్టడీ వచ్చింది, ఎప్పుడు తప్పులు పట్టుకుంట గుర్రుగుర్రుమనే మనుషులున్న ఇంట్ల ఉండే పేషెంట్లకు అదే ట్రీట్‌మెంట్ తక్కువ పనిచేసింది. అంటే డాక్టర్ వారానికి ఒక గంట కష్టపడి నిలబెట్టినదాన్ని ఇంట్ల ఒక్క మాట పడగొడతది. మీ బావగారికి ఈ పేజీ చదివి వినిపియ్యి. 'మొగోనివయ్యి ఏడుస్తవా' అన్నప్పుడల్ల మీ ఆయన లోపల దాచుకునేది ఒక మెట్టు పెరుగుతది. కోటర్ సంగతి సరే సరి, తాగితే నిద్ర వచ్చినట్టే వస్తది, నడిరాత్రి పీడకలలు ఇంక గట్టిగ లేపుతయ్, ఆర్నెల్లు పోతే బీమారి ఒకటి కాదు రెండైతయ్.

బావగారి మాట చేటు అని ఎవలన్న చెప్తరు. నువ్వు గంజుల వండుడు గూడ చేటే అని ఎవలు చెప్పరు, నేను చెప్తున్న, నారాజ్ కాకు. ఏడు నెలల సంది నువ్వు చేసింది ప్రేమనే, దాంట్ల డౌటే లేదు. కని లోపల ఏమైతుందో సూడు. కుక్కర్ బందయింది, ఆయనకు హాయి అనిపిచ్చింది. ఆ హాయి ఆయన ఒంటికి ఒక పాఠం చెప్పింది, 'అది నిజంగనే ప్రమాదం, తప్పిచ్చుకున్నవ్ కాబట్టే బతికినవ్' అని. రేపు కుక్కర్ చోట్ల టీవీ వచ్చింది, ఎల్లుండి పిల్లల నవ్వు వచ్చింది, ఆ తర్వాత హైవే, ఆ తర్వాత సోపతిగాని ఇల్లు. బుగులుకు మనం ఒక అర్ర ఇస్తే పక్క అర్ర అడుగుతది. ఇయ్యాల మీ ఇంట్ల ఐదుగురు మనుషులు ఒక కూతకు భయపడుకుంట బతుకుతున్నరు, అందుకే 'ఇంత సూసుకుంటున్నా ఎక్కువైతుంది' అని నీకనిపిస్తుంది.

మరి ఏం జేసుడు అంటే, రేపు పొద్దుగాల కుక్కర్ తెచ్చి పొయ్యి మీద పెట్టుడు మాత్రం కాదు. ఆయన నిమ్మళంగ ఉన్న టైంల, కసురుకున్న రోజు కాదు, పక్కన కూసొని అడుగు. 'కుక్కర్ మల్ల మొదలు వెడ్దామనుకుంటున్న, నువ్వు ఎట్లంటే అట్ల' అని. మొదటిసారి ఆయనను వాకిట్ల వేపచెట్టు కాడ కూసొమ్మను. 'పప్పు పెడుతున్న, మూడు కూతలొస్తయ్, మూడో కూతకు బంద్ చేస్త' అని ముందుగాలనే చెప్పు. కూత వస్తే ఉలిక్కిపడతడు, పడనియ్యి. 'భయపడకు భయపడకు' అని ఉరుకకు, పక్కన కూసో, ఆయన ఊపిరి మల్ల మామూలుగ అయ్యేదాక లేవద్దు, ఆయనను లేవనియ్యొద్దు. నాలుగు రోజులైనంక కుర్చీ అర్రలకు జరుగుతది, ఇంకో వారానికి వంటింటి గడప కాడికి వస్తది. ఒకరోజు వద్దంటే ఆ రోజు వద్దు. దొంగతనంగ మాత్రం ఎప్పుడు పెట్టకు, సప్పుడు కన్న మోసం ఎక్కువ దడిపిస్తది. బత్తాయి, హైవే, సోపతిగాని ఇల్లు ఇవి పెద్దయి, వీటిని నువ్వు ముట్టుకోకు, కౌన్సిలర్ చేతులల్ల పెట్టు, బుగులు కలిగించే వాటికి మెల్లమెల్లగ ఎదురుపోయేటట్టు చేసే థెరపీ ఉన్నది, ఈ బీమారికి బాగ పరీక్షించి చూసిన చికిత్సలల్ల అది ఒకటి. పిల్లలకు గూడ ఒక మాట చెప్పాలె, 'నాయినకు యాక్సిడెంట్ అయినప్పటి సంది పెద్ద సప్పుడుకు పాణం గుబులైతది, మీ తప్పు కాదు' అని. చెప్పకపోతే వాళ్ళకు వాళ్ళే కారణం కల్పించుకుంటరు, అది ఎప్పుడు వాళ్ళ మీదనే ఉంటది.

రాత్రిపూట ఆయన లేచినప్పుడు పైన చెయ్యెయ్యకు. కలల ఉన్న మనిషి నిన్ను గుర్తుపట్టడు, చెయ్యి విసురుతడు, పొద్దుగాల ఆ సంగతి తెలిస్తే ఇంక కుమిలిపోతడు. కాళ్ళ దిక్కు జర దూరం నిలబడి లైటేసి పేరు పెట్టి పిలువు, 'ఇది మన ఇల్లు, పిల్లలు పండుకున్నరు, నేను ఇక్కడనే ఉన్న' అను. నీళ్ళియ్యి. కల ఏందని ఆ రాత్రి అడుగకు.

ఇంకో మాట, ఇది బరువైన మాట. 'నేను పోవాల్సింది' అనే మాటను వినీ విననట్టు ఉండకు. సూటిగ అడుగు, 'సచ్చిపోవాలనిపిస్తుందా నీకు' అని. అడుగుతే లేని ఆలోచన పుట్టిస్తమేమో అని చానమంది భయపడతరు, అట్ల కాదు, అడుగుతే మనిషికి బరువు దిగినట్టైతది. అవునంటే ఆ దినమే దవాఖానకు పో, ఒక్కన్ని వదలకు. పత్తి చేనుకు కొట్టే మందు డబ్బాలు ఇంట్ల గాని కొట్టంల గాని ఉంటే ఇయ్యాలనే తీసి వేరేటోళ్ళ ఇంట్ల తాళం కింద పెట్టియ్యి, మన జిల్లాల ఈ మాట చెప్పకుండ ఈ కాలమ్ రాయలేను. 14416 అని మనసు బాధలు చెప్పుకునే టెలీమానస్ ఫోన్ నంబర్ ఉన్నది, 2022 అక్టోబర్ 10న కేంద్ర సర్కారు మొదలుపెట్టింది, రాత్రిపగలు పైసలు లేకుండ తెలుగుల మాట్లాడతరు, నువ్వు గూడ నీ కోసం చెయ్యొచ్చు.

దవాఖాన అంటే హైదరాబాద్ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకు పోవాల్నేమో, ఊర్ల ఏమంటరో అనుకోకు, నల్లగొండల సర్కారు మెడికల్ కాలేజీ దవాఖాన ఉన్నది, అక్కడ మానసిక డాక్టర్ ఓపీ ఏ దినాలల్ల ఉంటదో అడిగి పో. ఊర్లమీదికెళ్లి సుట్టు తిరిగి పోయినా సరే, మొదటిసారి చేరుకుంటే చాలు. సెర్ట్రలిన్ అసువంటి మందులు రాస్తరు, పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడతది, వారం వాడి ఏం కాలేదని ఆపొద్దు. మెడికల్ షాపుల ఊకనే ఇచ్చే నిద్రగోలీలు మాత్రం వద్దు, అవి అలవాటైతయ్ గని ఈ బీమారిని తగ్గియ్యవు. నువ్వు గూడ లోపలికి పో, పీడకలలు, గ్లాసు, కుక్కర్ అన్నీ నువ్వే చెప్పు, మొగోళ్ళు డాక్టర్ ముంగట 'జర నిద్ర పడ్తలేదు సార్' అని ఒక్క ముక్కతోని లేస్తరు. 2012ల అమెరికా, కెనడాల 40 జంటలతోని ఒక ట్రయల్ చేసిండ్రు, మొగడుపెండ్లాలను కలిపి కూసోబెట్టి 15 సిట్టింగులు, బీమారి తగ్గింది, సంసారం గూడ మెరుగైందని తేలింది. అసువంటిది మన దగ్గర అంత సులువుగ దొరకకపోవచ్చు గని, ఇద్దరు కలిసి లోపలికి పోవుడు మన చేతులనే ఉన్నది కద.

మీ అత్తతోని చెరువుగట్టు మీద లొల్లి పెట్టుకోకు. ఆ మాటకొస్తే నేను గూడ ఒక అమాస రాత్రి అక్కడ చూసిన, గుట్ట మీద అంతమంది నడుమ ఎవలి బాధ వాళ్ళు పెట్టుకొని పక్కపక్కన పండుకుంటరు, ఎవలు ఎవలిని పిచ్చోడా అనరు. ఆమెను పోనియ్యి, అంత్రం చేతికే ఉండనియ్యి, మందు మాత్రం ఆపనియ్యకు.

చాయ్ ముచ్చట నీతోని ఒక్కసారన్న చెప్పిండంటే నువ్వు ఆయనకు ఎంత దగ్గరో సూడు. మల్ల ఎత్తితే 'నీ తప్పేం లేదు తియ్' అని వెంటనే మూత పెట్టకు. ఆ మాట మంచిగనే అంటం గని ఆయన నోరు అక్కడికే మూసుకుంటది. 'ఆపమన్నడా, తర్వాత ఏమైంది' అని అడిగి ఊకో. చౌటుప్పల్ ఇరవై నిమిషాల దారి, ముంగట లైట్లు లేకుండ లారీ ఆగి ఉన్నదని ఎవలికి తెలుసు అనే సంగతి ఆయన నోట్ల నుంచే రావాలె, ఎప్పుడో ఒకరోజు వస్తది. సోపతిగాని అమ్మ అడుగుతుందంటివి, ఆమెను నువ్వు ఒకసారి పోయి కలువు, ఆయనను తీస్కపోకుండ. ఆమె గూడ ఈ ఏడాది ఎవలితోని మాట్లాడిందో ఏమో.

మరి నువ్వు? ఉత్తరం మొత్తంల నువ్వు ఎంతసేపు పండుకుంటున్నవో రాయలే. పండుకున్నా ఒక చెవి ఆయన దిక్కే ఉంటది కద. పక్కన ఉండేటోళ్ళకు గూడ ఇదే బుగులు, ఇదే నిద్రలేమి అంటుకుంటది. వారంల రెండు రాత్రులు పిల్లలతోని వేరే అర్రల పండుకో, ఆ రెండు రాత్రులు మీ అత్తను ఆయన దగ్గర ఉండమను. కసురుకునుడు బీమారితోని వస్తది, సరే, కని చెయ్యి లేపితే మాత్రం దానికి బీమారి సాకు కాదు, ఇది ఆయనకే నిమ్మళంగున్నప్పుడు చెప్పు.

"అక్కా, నాది అచ్చంపేట దిక్కు, హైదరాబాద్ల పని చేస్త. మా ఇంటామె మొదటి కాన్పుకు తల్లిగారింటికి పోయింది. కాన్పుల రక్తం ఆగలేదు, సంతకాలు పెట్టుమన్నరు, ఆరు సీసాలు ఎక్కిచ్చిండ్రు, పాప 11 రోజులు ఐసీయూల ఉన్నది. నేను బస్సు దిగి పోయేసరికి అంత అయిపోయింది. ఇప్పుడు ఎనిమిది నెలలు, పాప బొద్దుగున్నది. ఈమె మాత్రం దవాఖాన ఉన్న బజార్లకెళ్లి పోదు, టీకాలకు రాదు, పాప గట్టిగ ఏడిస్తే బొమ్మ లెక్క నిలబడతది. నన్ను దగ్గరికి రానియ్యది. 'తల్లి బిడ్డ సల్లగున్నరు, ఇంక ఏంది నీ ఏడుపు' అన్న, మూడు దినాలు మాట్లాడలే. నేనన్నదాంట్ల తప్పేమున్నది?"
– ఒక తమ్ముడు, నాగర్‌కర్నూల్ జిల్లా

తమ్మీ, నువ్వన్నది అబద్ధం కాదు, అందరు అనేదే. 'బతికి బయటపడ్డవ్ కద' అనే మాట చుట్టాలు అంటరు, నర్సు అంటది, చూడొచ్చిన పక్కింటామె అంటది. ఎనిమిది నెలల సంది ఈ మాట ఎన్నిసార్లు విన్నదో లెక్కపెట్టు. దాని అర్థం ఆమె చెవికి ఎట్ల వినిపిస్తది అంటే, 'నువ్వు సంతోషంగ లేవంటే తప్పు నీదే' అని. యాక్సిడెంటో, యుద్ధమో అయితేనే ఈ బీమారి వస్తదనుకుంటం, కాన్పుల సావు కండ్లముందుకు వచ్చిపోయినా వస్తది. ఆ బల్ల మీద లైటు కింద పండుకొని, చుట్టు ఉరుకులాట వింటుంటే, పాప ఏడుపు వినపడకపోతే ఆమె ఏమనుకున్నదో నీకు తెలుసా? అడిగినవా?

నీ ఉత్తరంల నాకు గట్టిగ తగిలిన లైన్ 'నేను పోయేసరికి అంత అయిపోయింది' అన్నది. నీకు అయిపోయింది, ఆమెకు అయిపోలే. మన దిక్కు కాన్పు తల్లిగారి బాధ్యత అని అల్లుడు ఫోన్ల ఉండుడు మామూలే, నీ తప్పని నేనంటలేను. అయినా ఒకసారి అను, 'ఆ రాత్రి నువ్వు ఒక్కదానివే ఉన్నవ్, నేను లేకపోతి' అని, వెనుక 'కని బస్సు లేట్ అయింది' అని తోక పెట్టకుండ. ఆమె చెప్తే విను, చెప్పకపోతే గుంజకు. దెబ్బ తిన్న మనిషిని వెంటనే కూసోబెట్టి అంత కక్కిస్తే మంచిదని ఒకప్పుడు అనుకునేటోళ్ళు, తర్వాత పరీక్షలు పెట్టి చూస్తే అట్లా ఒక్కసారి కక్కిస్తే లాభం లేదని తేలింది. ఆమె టైం ఆమెదే.

దగ్గరికి రానియ్యది అన్నవ్. ఆమెకు నువ్వు పడక కాదు తమ్మీ, ఇంకో కాన్పు అనే ఆలోచనకే ఒళ్ళు గడ్డకట్టుకపోతది. రెండోది ఎప్పుడు అని మీ అమ్మో వాళ్ళ అమ్మో అంటుంటే వాళ్ళ నోరు నువ్వే మూయించు. కడుపు రాకుండ జాగ్రత్త నీ దిక్కుకెళ్లి నువ్వే తీసుకో, ఆమె అడగకముందే. పక్కన పండుకొని తల నిమిరినా అది అంతకాడికే ఆగుతదని ఆమెకు నమ్మకం కుదరాలె, ఒకసారి ఆగకపోతే మల్ల మూడు నెలలు వెనుకకు పోతది. వద్దంటే మూతి ముడుచుకోకు.

టీకాల సంగతి వేరు. పైన చెల్లెకు కుక్కర్ మెల్లగ మొదలుపెట్టుమన్న గని సూదిమందు ఆగది, తొమ్మిది నెలలు నిండంగనే తట్టు, రుబెల్లా సూది వస్తది. దానికి నువ్వు సెలవు పెట్టి తీస్కపో. అదే పెద్ద దవాఖానకు పోవాల్నని రూల్ లేదు, ఊర్ల సబ్‌సెంటర్ల ఇస్తరు, ఆశ వర్కర్‌ను అడుగుతే దినం చెప్తది. ఆమెను బలవంతంగ రమ్మనకు, వస్తనంటే గేటు దాక రానియ్యి, గేటు దాక వచ్చిందంటే అది చిన్నది కాదు. పాప ఏడ్చినప్పుడు బొమ్మ లెక్క నిలబడితే 'తల్లివేనా' అని ఎవలన్నా అంటే నీకు కోపం రావాలె. పాపను నువ్వు ఎత్తుకో, ఊకున్నంక ఆమె చేతికియ్యి, ఆమె చేతుల్ల ఊకున్న పాప ఉండుడు ఆమెకు కావాలె. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ గూడ దీంతోని కలిసి ఉండొచ్చు కాబట్టి మానసిక డాక్టర్‌కు చూపియ్యి, పాలిచ్చే తల్లులకు ఇచ్చే మందులు ఉన్నయ్, పాలు బందు పెట్టాల్నేమో అని ముందే భయపడకు. నువ్వు ఏ డాక్టర్ దగ్గరికి తీస్కపోయినా అది ఆ బజార్ల, ఆ బిల్డింగుల లేకుండ సూసుకో.

"అక్కా, నాకు 41 ఏండ్లు. పెండ్లయినకాడికెళ్లి పదహారేండ్లు మా ఆయన తాగొచ్చి కొట్టేటోడు. రెండేండ్ల సంది తాగుడు బంద్ చేసిండు, చెయ్యి లేపలే, మంచిగనే ఉన్నడు. అయినా సాయంత్రం ఏడుకు గేటు గొళ్ళెం సప్పుడైతే నాకు కాళ్ళు వణుకుతయ్, చేతుల గిన్నె జారి పడతది. 'మారిన కద, ఇంక దొంగను సూసినట్టు సూస్తవేంది' అని ఆయన బాధపడుతుండు. నాదే తప్పా?"
– గద్వాల దిక్కు అక్క

అక్కా, తప్పు నీది కాదు. ఆయన మారి రెండేండ్లయింది, నీ ఒళ్ళు నేర్చుకున్నది పదహారేండ్లు. గొళ్ళెం సప్పుడు వింటనే గిన్నె కింద పెట్టి పిల్లలను పక్క అర్రలకు పంపిచ్చి బతికిచ్చుకున్నవ్ చూడు, గా తెలివి ఇప్పుడు గూడ డ్యూటీ చేస్తుంది, డ్యూటీ అయిపోయిందని దానికి ఎవలు చెప్పలే. ఆయన బాధపడుడు నిజమే కావచ్చు, కని ఆయన బాధ తీర్చుడు నీ పని కాదు. 'మారిన కద' అనుడు ఇప్పటిసంది బందు పెట్టమను, మారిన మనిషి లెక్క ఉంటే చాలు.

పైన ఇద్దరికి ఇంట్లోళ్ళనే తోడు చేసుకొమ్మన్న. నీ ముచ్చట వేరు, దడిపిచ్చిన మనిషే ధైర్యం చెప్తనంటే ఒళ్ళు నమ్మది. అందుకే నీకు ఇంటి బయట ఒక మనిషి కావాలె, మీ అక్కో చెల్లెనో, మీ సంఘంల నీకు పడ్డ ఆడామెనో, కౌన్సిలరో. ఈ పదహారేండ్ల ముచ్చట మొదటిసారి చెప్పేది ఆయనకు కాదు, వాళ్ళకు. ఎప్పుడన్న మల్ల తాగొచ్చి చెయ్యి లేపితే ఆడోళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, జిల్లాల ఆపదల ఉన్న ఆడోళ్ళ కోసం సఖి సెంటర్ ఉంటది, 'రెండేండ్లు మంచిగుండె కద' అని ఆగకు.

గొళ్ళెం సంగతికి ఒకటి చేసి సూడు. ఆయనను బజార్ల నుంచే మీ బిడ్డ పేరు పెట్టి పిలుచుకుంట రమ్మను, గేటు కాడ ఆగమను. గొళ్ళెం ఆయన తియ్యొద్దు. నువ్వు పోయి, ఆయన మొఖం సూసి, నీకు తియ్యాలనిపిచ్చినప్పుడు నువ్వే తియ్యి. ఒక నిమిషం నిలబడాల్సొస్తే నిలబడతడు, ఏం కాదు. మొదటి వారం గిన్నె పడ్డా పడతది, స్టీలుదే పట్టుకో. నెల రోజులైనంక ఎట్లున్నదో రాయి.